నాన్న కాలూ, బాష్ మాగ్నెటో

పోయిన సెలవుల్లో నాన్న పాత టూ స్ట్రోక్ బండి ఒక పట్టాన స్టార్ట్ అవట్లేదంటే, నేనే విప్పాను. మెకానికల్ థర్డ్ ఇయర్ కదా, ఆ మాత్రం రాదా అనుకున్నా! ఫ్లైవీల్ కింద పాయింట్లను ఎమిరీ పేపరుతో రుద్ది, గ్యాప్ కంటి అంచనాతో పెట్టేశాను. మర్నాడు నాన్న కిక్ కొట్టగానే రాడ్ ఎదురుతన్నింది. చీలమండ బెణికి వారం కుంటాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ బాధ.

గ్యాప్ ఎక్కువైతే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే నిప్పురవ్వ పడి, ఇంజన్ వెనక్కి తంతుంది. అసలీ రవ్వ ఎక్కడి నుంచి వచ్చిందా అని చదువుతూ పోతే రాబర్ట్ బాష్ కనిపించాడు.

1861లో జర్మనీలో, ఉల్మ్ దగ్గరి ఆల్బెక్‌లో పుట్టాడు. పన్నెండుమంది పిల్లల్లో పదకొండోవాడు. చేతిపని నేర్చుకుని, అమెరికా వెళ్ళి కొంతకాలం ఎడిసన్ దగ్గర పనిచేశాడు. 1886లో స్టుట్‌గార్ట్‌లో చిన్న వర్క్‌షాపు పెట్టాడు. మరుసటి ఏడాది, అప్పటికే ఉన్న ఒక నమూనాను మెరుగుపరిచి మాగ్నెటో చేశాడు. అది ఒకచోట కదలకుండా మెల్లగా తిరిగే ఇంజన్లకే పనికొచ్చేది. చాలా ఏళ్ళు డబ్బుకి కటకటే.

1897లో డి డియాన్ బూటన్ మూడు చక్రాల బండి ఆయన ముందుకొచ్చింది. దాని ఇంజన్ నిమిషానికి 1800 చుట్లు తిరిగేది. బరువైన ఆర్మేచర్‌ని అంత వేగంగా ఊపడం కుదరదు. దాన్ని కదలనివ్వకుండా, చుట్టూ తేలికైన లోహపు తొడుగును ఊపితే చాలని కనిపెట్టింది ఆయన ఫోర్‌మన్ జారింగర్. 1902లో స్పార్క్ ప్లగ్‌తో పనిచేసే హై వోల్టేజ్ మాగ్నెటో తెచ్చింది ఇంకో ఉద్యోగి హోనోల్డ్. బాష్ గొప్పతనం నాకు ఇక్కడే తెలిసింది. అన్నీ నాకే తెలుసనుకోలేదు, తెలిసినవాళ్ళకి పని అప్పగించాడు. 1906లోనే కార్మికులకు ఎనిమిది గంటల పనిదినం ఇచ్చాడు. 1942లో పోయాడు.

తర్వాతి ఆదివారం మా వీధి మెకానిక్ బాబాయ్ దగ్గరికెళ్ళి ఫీలర్ గేజ్ అడిగాను. గ్యాప్ 0.4 మిల్లీమీటర్లకి తెచ్చాం. పాయింట్ల మధ్య సన్నటి కాగితం పెట్టి ఫ్లైవీల్ మెల్లగా తిప్పించాడు. కాగితం వదులైన క్షణానికి గుర్తు గుర్తుకి కలిసింది.

మొదటి కిక్ నేనే కొట్టాను. స్టార్టయింది. నాన్న అరుగు మీంచి లేచి, కుంటుకుంటూ వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.