రాడార్ చూపును సరిచూసిన రాబర్ట్ వాట్సన్-వాట్

స్కాట్లండ్ తూర్పు ప్రాంతంలోని బ్రీకిన్ అనే చిన్న పట్టణంలో 1892 ఏప్రిల్ 13న ఒక వడ్రంగి ఇంట రాబర్ట్ వాట్సన్-వాట్ జన్మించారు. డండీలోని కళాశాలలో ఇంజనీరింగ్ అభ్యసించి 1912లో పట్టభద్రులయ్యారు. ఆయన దృష్టిని రేడియో తరంగాల వైపు మళ్లించినవారు అక్కడి భౌతికశాస్త్ర ఆచార్యులు విలియం పెడీ.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1915లో, ఆయన వాతావరణ శాఖలో చేరారు. ఉరుములతో కూడిన గాలివానల జాడను విమానచోదకులకు ముందుగా తెలియజేయడం ఆయన చేపట్టిన పని. మెరుపు మెరిసినప్పుడు రేడియోలో గరగర శబ్దం రావడం ట్రాన్సిస్టర్ విన్న మన పల్లెవాసులందరికీ అనుభవమే. ఆ శబ్దం వచ్చే దిక్కును పట్టుకోగలిగితే గాలివాన ఉన్న చోటు తెలుస్తుందని ఆయన తలచారు. క్షణంలో మాయమయ్యే ఆ సంకేతాన్ని చూడడానికి కాథోడ్ కిరణాల గొట్టపు తెరను ఉపయోగించారు. తరువాతి కాలంలో రాడార్‌కు కన్నుగా అమరినది అటువంటి తెరే. 1970లో విశాఖపట్నంలో తుపానుల జాడ తీసే రాడార్‌ను నెలకొల్పారు. యానాం నుంచి గంజాం వరకు తీరాన ఉన్న మన కుటుంబాలకు దాని విలువను వేరుగా చెప్పనక్కరలేదు.

1930లలో జర్మనీ వైమానిక బలం పెరగడం బ్రిటన్‌ను కలవరపెట్టింది. శత్రు చోదకులను దూరం నుంచే మట్టుపెట్టే మృత్యుకిరణం సాధ్యమా అని వైమానిక మంత్రిత్వశాఖ ఆయనను అడిగింది. లెక్క వేసే పనిని ఆయన తన సహాయకుడు ఆర్నాల్డ్ విల్కిన్స్‌కు అప్పగించారు. అది సాధ్యం కాదని తేలింది. అయితే విమానాలు దగ్గరగా ఎగిరినప్పుడు రేడియో సంకేతాలు చెదురుతున్నాయని తపాలా శాఖ ఇంజనీర్లు గమనించిన సంగతి విల్కిన్స్‌కు గుర్తున్నది. విమానాన్ని కూల్చలేని తరంగం దాని ఉనికిని మాత్రం పట్టివ్వగలదన్న ఆలోచన అక్కడ పుట్టింది. 1935 ఫిబ్రవరి 26న డావెంట్రీలోని బీబీసీ ప్రసార కేంద్రపు తరంగాలతో, ఒక బాంబర్ విమానంతో ప్రయోగం జరిపారు. సుమారు 8 మైళ్ల దూరం వరకు దాని జాడ తెలిసింది.

రాడార్‌ను కనిపెట్టినవాడు వాట్సన్-వాట్ ఒక్కరే అనడం సమంజసం కాదు. జర్మనీకి చెందిన క్రిస్టియన్ హుల్స్‌మేయర్ 1904లోనే ఓడల జాడ తీసే యంత్రానికి పేటెంటు పొందారు. యుద్ధానికి ముందే జర్మనీకీ మంచి రాడార్లు ఉన్నాయి. వాట్సన్-వాట్ గొప్పతనం మరొక చోట ఉన్నది. యంత్రం చెప్పినదాన్ని సరిచూసే పద్ధతులతో, సరిచూసే మనుషులతో కూడిన ఒక వ్యవస్థగా రాడార్‌ను నిలబెట్టినవారిలో ఆయన ప్రథములు. సర్వోత్తమ యంత్రం కోసం వేచి ఉంటే అది ఎన్నటికీ చేతికి రాదని, పని జరిపించే మూడో రకం యంత్రాన్నైనా వెంటనే నిలబెట్టాలని ఆయన సిద్ధాంతం.

మూడో రకం యంత్రానికి లోపాలు తప్పవు. బ్రిటన్ తీరం వెంబడి వెలసిన చైన్ హోమ్ కేంద్రాలలో 360 అడుగుల ఉక్కు స్తంభాలు తరంగాలను పంపేవి. 240 అడుగుల చెక్క స్తంభాలు ప్రతిధ్వనిని అందుకొనేవి. దూరాన్ని అవి చక్కగా చెప్పేవి కాని దిక్కును చెప్పడంలో తడబడేవి. చుట్టుపక్కల కొండలు, కట్టడాలు తరంగాలను వంకర చేసేవి. కాబట్టి ప్రతి కేంద్రాన్నీ విడివిడిగా పరీక్షించవలసి వచ్చింది. పైన రెక్కలు తిరుగుతూ మెల్లగా ఎగిరే ఆటోగైరో విమానాలను ముందే నిర్ణయించిన స్థలాల మీద తిప్పి, తెర మీద కనబడిన స్థానాన్ని నిజమైన స్థానంతో పోల్చేవారు. ఆ తేడాలను సవరించి చెప్పడానికి టెలిఫోన్ రిలేలతో ఒక లెక్కల యంత్రాన్ని కూడా అమర్చారు. పలు కేంద్రాల సమాచారాన్ని ఒక గదిలో బల్ల మీద పరచి, రెండు కేంద్రాలు చెప్పిన దూరాలు కలిసే చోటును విమానం ఉన్న చోటుగా గుర్తించేవారు. ఈ పనిలో యువతులు ఎందరో పాల్గొన్నారు.

సరిచూడడంలో లోపం వస్తే ఏమవుతుందో యుద్ధం మొదలైన మూడు రోజులకే తెలిసింది. 1939 సెప్టెంబరు 6న, రాని దాడి వస్తున్నట్లు హెచ్చరిక వెలువడింది. ఎదుర్కొనడానికి లేచిన స్వపక్ష విమానాలే శత్రువుల లెక్కలో చేరాయి. స్పిట్‌ఫైర్లు తమ హరికేన్లను రెండింటిని కూల్చాయి. ఒక యువ చోదకుడు మరణించాడు. భూభాగం వైపు ఉన్న విమానాలను సముద్రం వైపున ఉన్నట్లు రాడార్ చూపిందని ఒక వివరణ వచ్చింది. సమాచారాన్ని అందించడంలో గందరగోళమూ తోడైంది. తన పర అని తెలిపే యంత్రాలను విమానాలలో అమర్చవలసిన అగత్యం ఆ దుర్ఘటనతో స్పష్టమైంది.

1940 నాటి వైమానిక పోరులో ఈ వ్యవస్థ బ్రిటన్‌ను కాపాడింది. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ వద్ద అమెరికా రాడార్ జపాన్ విమానాలను చూసింది, కాని అవి తమవేనని అక్కడి అధికారి భావించాడు. తరువాత వాట్సన్-వాట్ అమెరికా వెళ్లి అక్కడి రక్షణ ఏర్పాట్లను పరిశీలించి, లోపాలను నిర్మొహమాటంగా ఎత్తిచూపారు. 1942లో ఆయనకు సర్ బిరుదు లభించింది.

తన పర చెప్పే ఆ యంత్రానికి వారసురాలే నేడు పౌర విమానాల రాకపోకలను నియంత్రించే రాడార్. రాడార్‌కు కొంత దూరంలో, కచ్చితంగా కొలిచిన స్థలంలో, జవాబు పంపే ఒక స్థిర యంత్రాన్ని నిలుపుతారు. తెర మీద అది ఉండవలసిన చోట కనబడకపోతే లోపం రాడార్‌దే. నాడు ఆటోగైరో చేసిన పనిని అది నిత్యమూ చేస్తున్నది.

యుద్ధానంతరం ప్రభుత్వం ఆయనకు సుమారు 50,000 పౌండ్ల పారితోషికం ఇచ్చింది. 1950లలో కెనడాలో కారును వేగంగా నడిపినందుకు పోలీసులు ఆయనకు జరిమానా విధించారు. ఆ వేగాన్ని కొలిచినది రాడారే! 1966లో, యుద్ధకాలపు వైమానిక మహిళా దళానికి తొలి అధిపతిగా పనిచేసిన కేథరిన్ ట్రెఫ్యూసిస్ ఫోర్బ్స్‌ను వివాహమాడారు. 1973 డిసెంబరు 5న ఇన్వర్నెస్‌లో కన్నుమూశారు. పిట్లోక్రీలో భార్య సమాధి చెంతనే ఆయనను ఖననం చేశారు. పుట్టిన ఊరు బ్రీకిన్‌లో ఆయన విగ్రహం 2014లో వెలసింది.