అలవాటులో రోగమూలాన్ని వెదకిన మనీషి: డాక్టర్ ఖనోల్కర్

రోగాన్ని మాన్పిన వైద్యుని లోకం వెంటనే కొనియాడుతుంది. రోగం పుట్టుకను వెదకిన వైద్యుని పేరు మాత్రం ఆలస్యంగా తలచుకుంటుంది. డాక్టర్ వసంత్ రామ్‌జీ ఖనోల్కర్ గారు ఈ రెండవ కోవకు చెందిన మహనీయులు.

వీరు 1895 ఏప్రిల్ 13న జన్మించారు. లండన్ విశ్వవిద్యాలయంలో రోగవిజ్ఞానశాస్త్రం అభ్యసించి 1923లో ఎం.డి. పట్టం పొందారు. బొంబాయి వైద్య కళాశాలలలో ఆచార్య పదవి నిర్వహించిన పిమ్మట, 1941లో ఆరంభమైన టాటా స్మారక ఆసుపత్రిలో ప్రయోగశాలల బాధ్యత స్వీకరించారు.

ఆ ఆసుపత్రికి నోటి క్యాన్సరుతో వచ్చేవారు అసంఖ్యాకులు. వరుసగా వచ్చిన 1000 మంది రోగుల వివరాలను పరిశీలించి వారు 1944లో ఒక వ్యాసం ప్రకటించారు. మరుసటి యేడు సహచరి సూర్యాబాయి గారితో కలిసి మూడు దురలవాట్ల ఫలితాలను వెల్లడించారు. సున్నంతో నలిపిన ఖైనీని క్రింది పెదవి లోపల దాచుకొనేవారికి పుండు అక్కడే పుట్టింది. మన కోస్తాలో అడ్డపొగ త్రాగేవారికి, అనగా చుట్ట నిప్పుకొనను నోటిలో ఉంచుకొనేవారికి, అంగిటిలో పుట్టింది. ధోవతిని బిగించి కట్టేవారికి నడుముపై పుట్టింది. అలవాటు ఎక్కడ తాకితే రోగం అక్కడే మొలకెత్తింది. ఇది విధిలిఖితం కాదని, కారణమున్న కార్యమేనని వారు నిరూపించారు.

1952లో భారత క్యాన్సర్ పరిశోధనా కేంద్రానికి వారు ప్రథమ సంచాలకులైనారు. వారి శిష్యురాలు డాక్టర్ కమల్ రణదివే అక్కడే దేశంలో మొట్టమొదటి కణజాల వర్ధన ప్రయోగశాలను నెలకొల్పారు. జీవకణాలను శరీరం వెలుపల పెంచి పరీక్షించే విద్య ఆ విధంగా మన గడ్డపై వేళ్ళూనుకొంది.

నేడు ఆ విద్య ఎంతో విస్తరించింది. మానవ కణాలతో నోటిపొరను ప్రయోగశాలలోనే పెంచుతున్నారు. మనిషి బుగ్గపొరను పోలిన పంది బుగ్గపొరను రెండు చిన్న గదుల నడుమ అమర్చి, ఒక వైపు పొగాకు ద్రవం పోసి, రెండవ వైపునకు ఏది ఎంత చేరిందో కొలుస్తున్నారు. సున్నపు క్షారగుణం వలన నికోటిన్ ఆ పొరను సులువుగా దాటుతుంది. పొగాకులోని నైట్రోసమైన్లు లాలాజలంలో కరిగి పొరను తడుపుతూ ఉంటాయి. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలని రుజువైంది. పొగ రానంత మాత్రాన పొగాకు నిరపాయకరం కాదు. ఖనోల్కర్ గారు రోగి పెదవిపై చూచినదానికి గాజుపాత్ర పలికిన సాక్ష్యమిది.

మన సంగం పెన్నా తీరాన వరి పండే ఊరు. అయినా పొలం గట్టున చుట్ట, విందు ముగియగానే జర్దా కిళ్ళీ, బస్సు స్టాండు అంగడిలో ఖైనీ పొట్లం మనకు క్రొత్త కావు. పాన్‌దాన్ మర్యాదకు గుర్తైన ఇళ్ళూ మనలో ఉన్నవి. తమలపాకు మర్యాదను కాదనమని మేము కోరడం లేదు. అందులో పొగాకు చేరకుండునట్లు చూడుమనియే కోరుతున్నాము. వక్క సైతం క్యాన్సర్ కారకమని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు గనుక దానిని కూడ విడుచుట మేలు.

ఖనోల్కర్ గారు 1978 అక్టోబరులో పరమపదించారు. పుండును చూచినవెంటనే అలవాటును గూర్చి ప్రశ్నించుట వారు మనకు నేర్పిన పాఠం. పుండు పుట్టకమునుపే విద్యార్థులు ఆ ప్రశ్నను తమకు తాము వేసికొనగలిగితే, అదే వారికి మన నివాళి.