హాల్‌స్టెడ్ వీధిలో జేన్ ఆడమ్స్

సంఘసేవ నేడు విశ్వవిద్యాలయాలలో బోధించే ఒక శాస్త్రం. దానికి పాఠ్యప్రణాళికలు, పరీక్షలు, పట్టాలు ఏర్పడినవి. ఇవేవీ లేని కాలంలో, తనకన్నా అన్ని విధాలా భిన్నులైన జనుల నడుమ నలభై ఐదేళ్లు నివసించి, వారి వద్దనే ఆ విద్యను అభ్యసించిన మహిళ జేన్ ఆడమ్స్. ఆమె స్థాపించిన సంస్థ పేరు విద్యార్థులు ఎరుగుదురు గాని, ఆమె ఎంత కష్టం మీద నేర్చుకొన్నదో అంతగా ఎరుగరు. ఆ భాగాన్నే మేమిక్కడ కొంత విపులంగా చెప్పదలచాము.

1860 సెప్టెంబరు 6వ తేదీన అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, సీడర్‌విల్ అనే చిన్న ఊరిలో ఆమె జన్మించింది. తండ్రి పిండిమరల యజమాని, రాష్ట్ర శాసనసభ్యుడు, లింకన్‌కు మిత్రుడు. రెండేళ్ల ప్రాయంలోనే తల్లి గతించింది. బాల్యంలో సోకిన క్షయ వలన వెన్ను కొంత వంగిపోయింది. 1881లో రాక్‌ఫర్డ్ స్త్రీల విద్యాలయంలో చదువు ముగిసింది. ఆ సంవత్సరమే తండ్రి మరణించాడు. వైద్యవిద్యకై ఫిలడెల్ఫియా వెళ్లి, అనారోగ్యం వలన దానిని మానుకొన్నది. అటు తరువాత కొన్నేళ్లు ధనముండి, విద్య ఉండి, చేయదగిన పని కానరాక ఆమె కుమిలిపోయింది. 1888లో లండన్ తూర్పు భాగంలోని టాయిన్‌బీ హాల్‌ను దర్శించినప్పుడు దారి దొరికింది. అక్కడ విశ్వవిద్యాలయాలలో చదివిన యువకులు బీదల పేటలోనే కాపురముంటున్నారు.

1889 సెప్టెంబరు 18న స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలసి షికాగో నగరంలోని హాల్‌స్టెడ్ వీధిలో ఒక పాత భవనంలో ప్రవేశించింది. అదే హల్ హౌస్. చుట్టూ ఇటాలియన్లు, జర్మన్లు, ఐరిష్ వారు, గ్రీకులు, బొహీమియన్లు, రష్యా పోలెండ్‌ల నుండి వచ్చిన యూదులు. ఒకరి భాష మరొకరికి రాదు. ఒకరి పండుగ మరొకరికి తెలియదు.

మొదట్లో ఆ ఇద్దరికీ తెలిసినది తమ సంస్కృతి ఒక్కటే. పోషక విలువలు లెక్కగట్టి వండిన ఆహారాన్ని చౌకగా అమ్మేందుకు ఒక వంటశాల తెరిచారు. ఇరుగుపొరుగు వారు దానిని ఆదరించలేదు. తమ నోటికి రుచించినదే తాము తింటామని ఒక స్త్రీ నిర్మొహమాటంగా చెప్పింది. ఇంకొకసారి, తల్లి విడిచిపోయిన పసిబిడ్డ హల్ హౌస్ శిశుశాలలో మరణిస్తే, ప్రభుత్వ ఖర్చుతో ఖననం జరిపించడానికి ఏర్పాటు చేశారు. ఈ మాట విని పేటలోని బీద స్త్రీలు నిర్ఘాంతపోయారు. బిడ్డను అనాథశవంగా పంపడం వారి దృష్టిలో మహాపాపం. తలా కొంత చందా వేసుకొని తగిన రీతిలో అంత్యక్రియలు జరిపించుటకు పూనుకొన్నారు. పెండ్లికాని స్త్రీలకు మాతృహృదయం ఏమి తెలుస్తుందని, దయగల కొందరు మాత్రం క్షమించారు.

అన్నిటికన్నా బాధాకరమైనది ఒక గుమాస్తా కథ. 1893లో ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చి షికాగోలో వేలాదిమంది పనులు కోల్పోయారు. సరుకుల రవాణా లెక్కలు చూసే ఒక గుమాస్తా సహాయం కోరుతూ పలుమార్లు వచ్చాడు. ఏదైనా పని దొరికే అవకాశముంటే దానిని ప్రయత్నించిన తరువాతనే సహాయం ఇవ్వాలనేది నియమం. మురుగుకాలువ తవ్వకంలో పని ఉన్నదని ఆడమ్స్ సూచించింది. తాను ఎల్లప్పుడూ గదిలో కూర్చొని పనిచేసినవాడిననీ, చలికాలంలో ఆరుబయటి పనికి తాళలేననీ అతడు విన్నవించుకొన్నాడు. మళ్లీ సహాయానికి రాలేదు. రెండు రోజులు కాలువ తవ్వాడు, న్యుమోనియా సోకింది, వారం తిరిగేసరికి మరణించాడు. ఇద్దరు చిన్నపిల్లలు మిగిలారు. ఆ పిల్లల యోగక్షేమాలను ఆడమ్స్ ఎన్నడూ మరువలేదు. ఈ సంఘటనను 1910లో వెలువడిన తన ఆత్మకథాత్మక గ్రంథంలో తానే వెల్లడి చేసింది. ఇతరులు ఎవరూ అడగకుండానే, అచ్చులో తన తప్పును ఇలా ఒప్పుకొనడం మాకు ఆమె పొందిన బహుమతులకన్నా గొప్పగా తోస్తుంది. మనిషి జీవితం, అలవాట్లు సమగ్రంగా తెలియకుండా నియమాన్ని ప్రయోగించరాదని ఆమె గ్రహించిన మూల్యం ఒక ప్రాణం.

1900లో ఆమె హల్ హౌస్‌లో శ్రమకళల ప్రదర్శనశాల ప్రారంభించింది. వలసవచ్చిన తల్లిదండ్రుల యాసను, వేషాన్ని చూసి పిల్లలు సిగ్గుపడడం ఆమెను కలచివేసింది. ఒక ఇటాలియన్ బాలిక తలకు గుడ్డ కట్టుకొన్న తల్లితో కలసి రావడం ఇష్టంలేక వేరే గుమ్మం గుండా లోపలికి వచ్చేది. ఒక సాయంకాలం విద్యావంతులైన సందర్శకులు ఆ తల్లి చుట్టూ మూగి, ఆమె కదురుపై నూలు వడికే నేర్పును మెచ్చుకొనడం ఆ బాలిక కంటబడింది. తల్లి విడిచివచ్చిన పల్లెను గురించి ఆడమ్స్ ఆ పిల్లకు వివరించింది. తరువాత తల్లీకూతుళ్లు ఒకే గుమ్మం గుండా రాసాగారు. ఇంటి భాషను తరగతి గుమ్మం బయట విడిచివచ్చే పిల్లలను, అది ఉర్దూ కానీ తెలుగు కానీ, మేమును ఎరుగుదుము.

జాలి ఒక్కటే చాలునని ఆమె తలచలేదు. 1895లో హల్ హౌస్ నివాసులు ఇంటింటికీ తిరిగి, ఏ ఇంట ఏ దేశస్థులున్నారో, వారి వారపు కూలి ఎంతో రంగులలో చూపే పటాలను ప్రచురించారు. ఆ ఏడే ఆడమ్స్ తమ వార్డుకు చెత్త తనిఖీదారుగా నియమితురాలై, తెల్లవారుజామున బండ్ల వెంట నడిచింది. 1899లో షికాగోలో బాలనేరస్థుల న్యాయస్థానం వెలసింది. ఆమె సహవాసులైన ఎడిత్ ఆబట్, సోఫోనిస్బా బ్రెకిన్‌రిడ్జ్ నడిపిన సంఘసేవా పాఠశాల 1920లో షికాగో విశ్వవిద్యాలయంలో భాగమైనది.

ఆమె సానుభూతికీ హద్దులుండేవి. నీగ్రోలను మూకలు చంపడాన్ని 1901లో ఖండిస్తూ, హతులపై మోపిన ఆరోపణలు నిజమేనన్నట్లు వ్రాసింది. ఐడా వెల్స్ బార్నెట్ అనే నల్లజాతి రచయిత్రి అంకెలతో సహా దానిని తిప్పికొట్టింది. ఆడమ్స్ 1909లో నల్లవారి హక్కుల సంఘ స్థాపనకు సంతకం చేసినా, 1912లో దక్షిణాది నల్లజాతి ప్రతినిధులను వెలివేసిన పార్టీ మహాసభలోనే రూజ్‌వెల్ట్ పేరును బలపరచింది. గుమాస్తాను ఎరుగనట్లే, వీరినీ ఆమె దగ్గరగా ఎరుగలేదని మా అభిప్రాయం.

ప్రపంచయుద్ధాన్ని వ్యతిరేకించినందుకు స్వదేశంలో నిందలపాలైంది. 1931లో నోబెల్ శాంతి బహుమతి లభించింది. 1935 మే 21న మరణించినప్పుడు ఆ పేట జనం వేలాదిగా తరలివచ్చారు.

మరుసటి ఏడు, 1936లో, మన దేశంలో తొలి సంఘసేవా కళాశాల బొంబాయిలో వెలసింది. అదే దోరాబ్జీ టాటా పేరిట ఏర్పడిన సంస్థ. దానికి తొలి సంచాలకుడు క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్. ఆయన అంతకుముందే నాగ్‌పాడాలో, ముస్లిములు, యూదులు, హిందువులు, క్రైస్తవులు పక్కపక్కన నివసించే బీదపేటలో, హల్ హౌస్ తరహాలోనే ఒక ఇరుగుపొరుగు భవనం నడుపుతుండేవాడు. తొలి తరగతులు ఆ భవనంలోనే జరిగినవి.