ఆదివాసీ భూములకు అండగా నిలిచిన న్యాయవాది ఫెలిక్స్ కోహెన్

మన గూడేల్లో భూమి తగాదా వచ్చిన ప్రతిసారీ మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: కాగితం ఉందా? తాతముత్తాతల నాటి నుంచి మేమే దున్నుకుంటున్నామని చెబితే ఆఫీసుల్లో చెవిన పెట్టేవారు తక్కువ. సముద్రాల అవతల అమెరికా ఆదివాసులకూ ఇదే ప్రశ్న ఎదురైంది. ఆ దేశపు సుప్రీంకోర్టు చేత దానికి జవాబు చెప్పించినవారిలో ముఖ్యుడు ఫెలిక్స్ కోహెన్. లా చదువుతున్న, చదవాలనుకుంటున్న మన పిల్లలు ఆయన జీవితం తెలుసుకోవాలని ఈ సంచికలో ఆయనను తలచుకుంటున్నాం.

కోహెన్ ఆదివాసి కాదు. 1907 జూలై 3న న్యూయార్క్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. తండ్రి మోరిస్ కోహెన్ తత్వశాస్త్రంలో పేరున్న ఆచార్యుడు. కొడుకు కూడా అదే శాస్త్రంలో హార్వర్డ్‌లో డాక్టరేట్ చేసి, ఆ తర్వాత 1931లో కొలంబియాలో లా పూర్తిచేశారు. 1933లో వాషింగ్టన్ వెళ్లి ఇంటీరియర్ శాఖలో న్యాయవాదిగా చేరారు. పేరు చూసి మన హోం శాఖలాంటిది అనుకోవద్దు. ప్రభుత్వ భూములు, గనులు, నీటి వనరులు, వాటితోపాటు ఆదివాసీ వ్యవహారాలు చూసే శాఖ అది. ఒక్క ఏడాది పనిచేద్దామని వెళ్లిన మనిషి అక్కడే పద్నాలుగేళ్లు ఉండిపోయారు.

ఆయన చేరేనాటికి అక్కడి ఆదివాసుల పరిస్థితి దయనీయం. 1887 నాటి ఒక చట్టం తెగల ఉమ్మడి భూమిని ముక్కలు చేసి కుటుంబాలకు పంచింది. మిగిలిందన్న భూమిని బయటివారికి అమ్మేశారు. పంచిన ముక్కలు కూడా పన్నుల కింద, అప్పుల కింద, మోసాల కింద చేజారిపోయాయి. 1887లో 13.8 కోట్ల ఎకరాలున్న ఆదివాసీ భూమి 1934 నాటికి 4.8 కోట్ల ఎకరాలకు పడిపోయింది.

ఈ పంపకాన్ని ఆపిన 1934 చట్టం ముసాయిదా రాసినవారిలో కోహెన్ ఒకరు. తెగలు సొంత పాలనా మండళ్లు ఏర్పాటు చేసుకునే వీలు కూడా ఆ చట్టం కల్పించింది. అందులో లోపాలు లేకపోలేదు. మొదటి ముసాయిదాలో చాలా భాగాన్ని పార్లమెంటు కత్తిరించింది. నవాహో వంటి పెద్ద తెగ ఓటు వేసి మరీ దాన్ని కాదంది. అదే ఏడాది అక్టోబరులో ఆ శాఖ ఒక న్యాయాభిప్రాయం వెలువరించింది. సంతకం పై అధికారిదే అయినా, దాని వెనుక ప్రధానమైన శ్రమ కోహెన్‌ది. దాని సారం ఇది: తెగకున్న అధికారాలు ప్రభుత్వం దయతో ఇచ్చినవి కావు, మొదటి నుంచీ ఆ తెగవే. చట్టం స్పష్టంగా తీసేసినవి పోగా మిగిలినవన్నీ ఇంకా తెగ చేతిలోనే ఉన్నాయి.

ఈ మాటకు కోర్టులో అసలు పరీక్ష హువాలపాయ్ తెగ కేసులో ఎదురైంది. అరిజోనాలో గ్రాండ్ కాన్యన్ లోయ అంచున బతికే తెగ ఇది. 1866లో ప్రభుత్వం ఆ ప్రాంతం మీదుగా రైలు మార్గం వేయడానికి ఒక కంపెనీకి భూములు రాసిచ్చింది. 1874లో సైన్యం ఆ జనాన్ని బలవంతంగా కొలరాడో నది దగ్గరి పల్లపు ప్రాంతానికి తరలించింది. ఎండకు, ఆకలికి, రోగాలకు తట్టుకోలేక మరుసటి ఏడాదే వాళ్లు సొంత నేలకు తిరిగొచ్చారు. 1883లో వాళ్లకొక రిజర్వేషన్ ప్రాంతం ఏర్పడింది. అయినా అందులో సగం తనదేనని రైల్వే కంపెనీ పట్టుబట్టింది. వాళ్లు తాగే పీచ్ స్ప్రింగ్స్ ఊట నీళ్లు రైలింజన్లకు పోయాయి.

ఆ తెగకే చెందిన ఫ్రెడ్ మహోన్ అనే మాజీ సైనికుడు మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చాక పెద్దల దగ్గర కూర్చుని, ఏ ఊట ఎవరిది, ఏ కుటుంబం ఎక్కడ బతికింది అన్నవి నమోదు చేయించాడు. ఈ కేసు నిలవదని ప్రభుత్వంలోనే కొందరు అధికారులు అన్నారు. కింది కోర్టులు కంపెనీ వైపే మొగ్గాయి. కోహెన్, ఆయన సహచరులు పట్టు విడవలేదు. 1941 డిసెంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒక ప్రాంతం తమదిగా, తమకు మాత్రమే చెందినదిగా తెగ అనుభవిస్తూ వచ్చిందని రుజువైతే చాలు, ఆ హక్కుకు ఒప్పందమో పట్టానో ముందే ఉండాల్సిన పనిలేదు. బలవంతంగా తరలించినంత మాత్రాన ఆ హక్కు పోదు. రిజర్వేషన్ బయటి భూముల మీద హక్కు మాత్రం కోర్టు ఒప్పుకోలేదు. ఆ గెలుపు సగం గెలుపే. కానీ తర్వాత కెనడా, ఆస్ట్రేలియా కోర్టులు కూడా ఆ తీర్పును చూసి నడిచాయి.

అదే 1941లో ఆయన పేరు నిలబెట్టిన పెద్ద పుస్తకం వచ్చింది. ఆదివాసులకు సంబంధించిన చట్టాలు, ఒప్పందాలు, తీర్పులు అన్నీ ఒక్కచోటికి తెచ్చిన న్యాయ కరదీపిక అది. మొదట ఈ పని న్యాయశాఖలో మొదలైంది. ఇది ప్రభుత్వం మీద దావా వేసే తెగలకే ఉపయోగపడుతుందని తోచి ఆ శాఖ దాన్ని మధ్యలోనే వదిలేసింది. కోహెన్ దాన్ని ఇంటీరియర్ శాఖలో పూర్తిచేయించారు. మానవ శాస్త్రం చదివిన ఆయన భార్య లూసీ క్రామర్ కోహెన్ కూడా ఆ పనిలో చేయి కలిపారు.

ఉద్యోగం వదిలాక ఆయన తెగల తరఫునే ప్రాక్టీసు పెట్టారు. 1948లో అరిజోనా, న్యూ మెక్సికో రాష్ట్రాల్లో ఆదివాసులకు ఓటు హక్కు తెచ్చిన కేసుల్లో పాలుపంచుకున్నారు. తెగలు తమకు నచ్చిన వకీలును పెట్టుకోకుండా అధికారులు నిబంధనలు తేబోతే ఎదురు నిలిచారు. ఆ నిబంధనలు అమలుకు రాలేదు. 1953 అక్టోబరు 19న క్యాన్సర్‌తో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 46 ఏళ్లే.

ఆయన పోయాక ఎదురుదెబ్బలూ తగిలాయి. 1955లో అలాస్కా ఆదివాసులు తమ అడవిలో కొట్టిన కలపకు పరిహారం అడిగితే అదే సుప్రీంకోర్టు కాదంది. 1958లో ప్రభుత్వం ఆయన పుస్తకాన్ని తనకు అనుకూలంగా మార్చి అచ్చువేసింది. 1982లో కొత్త కూర్పు వచ్చాకే అది మళ్లీ దారిన పడింది. హక్కు ఒకసారి గెలిస్తే సరిపోదు, కాపలా కూడా కాయాలని దీన్నిబట్టి తెలుస్తోంది.

మిత్రులారా, మన దేశంలో అటవీ హక్కుల చట్టం కింద నియమాలున్నాయి. వాటిలో 13వ నియమం ఒకసారి చదవండి. పట్టా ఒక్కటే సాక్ష్యం కాదని అది చెబుతుంది. పాత బావి, శ్మశానం, దేవర గద్దె, వేసిన గట్టు, వంశవృక్షం, రాతలో పెట్టిన పెద్దల వాంగ్మూలం, ఇవన్నీ సాక్ష్యాలే. ఆ వాంగ్మూలం చెప్పగలిగిన పెద్దలు ఏటా తగ్గిపోతున్నారు. వాళ్లు పోతే సాక్ష్యం కూడా పోతుంది. కోర్టులో వాదించడానికి కోహెన్ లాంటి వకీళ్లు మనలోంచే రావాలి. అంతకంటే ముందు ఫ్రెడ్ మహోన్ లాంటివాళ్లు ఊరికొకరు కావాలి. ఈ సెలవుల్లో ఒక నోటు పుస్తకం తీసుకుని మీ ఊరి పెద్దల దగ్గర కూర్చోండి. వాగుల పేర్లు, గుట్టల పేర్లు, ఎవరి చేను ఎక్కడో అడిగి రాయండి. తేదీ వేసి, పెద్దల సంతకమో వేలిముద్రో తీసుకుని గ్రామసభ ముందు పెట్టండి. ఈ పనికి లా డిగ్రీ అక్కర్లేదు, ఇవాళే మొదలుపెట్టొచ్చు.