రాణా ప్రతాప్, చేతక్

మా తండాలో తాత చెప్పే కథల్లో మా పెద్దలు రాజస్థాన్ నుండి వచ్చారు. అందుకే నాకు రాణా ప్రతాప్ అంటే ఇష్టం. ఈయన 1540లో కుంభల్‌గఢ్ కోటలో పుట్టాడు. 1572లో మేవాడ్ రాజయ్యాడు. అక్బర్‌కు లొంగలేదు. 1576 జూన్ 18న హల్దీఘాటీ యుద్ధం జరిగింది. మనలాంటి ఆదివాసులు, భిల్లులు, విల్లంబులతో ఆయన వైపు పోరాడారు. ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి.

ఆయన గుర్రం చేతక్. ఏనుగు తొండానికి కట్టిన కత్తి తగిలి దాని కాలు తెగిందట. అయినా రాజును మోసుకొచ్చి, వాగు దాటించి, అప్పుడు పడిపోయిందట. అంత పెద్ద రాజు దాని మీద పడి ఏడ్చిండని చెప్తారు. అక్కడ, బలీచా ఊరి దగ్గర, చేతక్ సమాధి ఉంది. ఉదయ్‌పూర్‌లో మోతీ మగ్రీ గుట్ట మీద ఇద్దరికీ కలిపి విగ్రహం పెట్టారు. ప్రతాప్ 1597లో చావండ్‌లో చనిపోయాడు. (ఊరి పేరు చదివి నవ్వొద్దు.)

జహీరాబాద్‌లో పెళ్ళి ఊరేగింపులకు పోయే మా మామ గుర్రం పోయిన ఎండాకాలం చచ్చిపోయింది. రెండు రోజులు నేను అన్నం తినలే. యాడి ఏమీ అనలే. సూది, దారం, అద్దాలు నా ముందు పెట్టింది. ఎర్రగుడ్డ మీద గుర్రాన్ని కుట్టిన. నాలుగు కాళ్ళూ గట్టిగా కుట్టిన. కుట్టేటప్పుడు ఏడుపు తగ్గింది. ఆ గుడ్డ నా పెట్టెలో ఉంది. అడిగితే చూపిస్తా. చేతులు కడుక్కొని రండి.