మూడోపారికి మెట్రిక్ గట్టెక్కినోని మందు

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీల పొద్దుగాల్నే బ్యాగు వెట్టి కుర్చీ ఆపుకునేటోళ్లు, అశోక్ నగర్ల ఒక్క రూంల నలుగురు సర్దుకునేటోళ్లు, నారాయణగూడ దాక నడిచిపోయి చాయ్ తాగొచ్చేటోళ్లు. రెండుపార్లు ఫేలైతే ఇంటికి ఫోన్ చేయనీకి గూడ మొకం చెల్లదు. తమ్మీ, చెల్లె, ఈ ముచ్చట మీకే.

మా పెదబాపుకు మూత్రసంచిల క్యాన్సర్ వచ్చింది. డాక్టర్ రాసిన నాలుగు మందులల్ల ఒకటి మెథోట్రెక్సేట్. ఎవలు కనిపెట్టిండ్రో అని ఈ లైబ్రరీలనే ఎతికిన. పేరు జూసి బీరిపోయిన. యల్లాప్రగడ సుబ్బారావు, మన తెలుగాయన.

1895ల భీమవరంల పుట్టిండు. మెట్రిక్ మూడోపారికి గట్టెక్కిండు. మద్రాస్ మెడికల్ కాలేజీల గాంధీ పిలుపు విని ఖద్దరు తొడిగిండు. తెల్లదొర ప్రొఫెసర్‌కు మండింది. ఎంబీబీఎస్ రావాల్సినోని చేతుల ఎల్ఎంఎస్ అనే తక్కువ పట్టా వెట్టిండ్రు. సొంత అన్న స్ప్రూ అనే పేగుల జబ్బుతోని పోయిండు.

మామ సాయంతోని బోస్టన్ పోయిండు. రాత్రిపూట దవాఖానల రోగుల మూత్రం పాత్రలు కడిగిండు, పగలు సదివిండు. గా చేతులే 1925ల హార్వర్డ్‌ల సైరస్ ఫిస్క్‌తోని కలిసి రక్తంల, మూత్రంల భాస్వరం కొలిచే పద్ధతి తెచ్చినయ్. కండకు సత్తువిచ్చే ఏటీపీని గూడ వాళ్లిద్దరు పట్టుకున్నరు. అయినా హార్వర్డ్ పక్కా కొలువు ఇయ్యలే. 1940ల లెడర్లీ మందుల కంపెనీల చేరిండు.

అక్కడ ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. కణం రెండుగ చీలాల్నంటే గా విటమిన్ కావాలె. క్యాన్సర్ కణానికైతే మస్తు ఆకలి. అందుకే అచ్చం ఫోలిక్ యాసిడ్ లెక్కనే కనబడే నకిలీ మందులు చేసిండ్రు. దాన్ని మింగిన కణం ఇగ పెరగలేదు. సిడ్నీ ఫార్బర్ 1947ల వాటిల్ల ఒకటైన అమినోప్టెరిన్‌ను రక్తక్యాన్సర్ పిల్లలకిస్తే కొందరికి రోగం కొన్ని నెలలు ఎన్కకు తగ్గింది. దాని తమ్మునసుంటిదే మెథోట్రెక్సేట్. 1985ల న్యూయార్క్ డాక్టర్లు దాన్ని ఇంకో మూడు మందులతోని కలిపి మూత్రసంచి క్యాన్సర్‌కు ఇచ్చుడు మొదలువెట్టిండ్రు. ఇప్పటికి గూడ కొందరికి ఇస్తరు.

మూత్రసంచి క్యాన్సర్‌కు ఆ మందు ఇచ్చుడు సుబ్బారావు చూడలే. 1948 ఆగస్టుల, 53 ఏండ్లకే, నిద్రలనే గుండె ఆగింది. నోబెల్ రాలే. బోస్టన్ పోయినోడు మళ్ల దేశానికి రాలే. ఇంటికాడ భార్య శేషగిరి ఎదురుచూసుకుంటనే ఉన్నది. గొప్పోళ్ల కథల ఈ లెక్క ఎవలు రాయరు. నేను రాస్తున్న.

మందున్నా మా పెదబాపు రెండేండ్లే బతికిండు. ఎందుకంటే మూత్రంల రక్తం పడుతున్నదని ఆర్నెల్లు సిగ్గుతోని దాచిండు. నొప్పి లేదు గదా అనుకున్నడు. నొప్పి లేకుంట రక్తం పడ్డా నమ్మొద్దు. బీడీ, సిగరెట్ తాగేటోళ్లకు ఈ గండం ఇంకా ఎక్కువ.

ఇయ్యాల రాత్రి ఇంటికి ఫోన్ చేయండ్రి. రిజల్ట్ ముచ్చట తర్వాత. ముందుగాల మీ బాపును ఈ ఒక్క సంగతి అడుగుండ్రి.