ఇంధనానికి పేరిచ్చిన ఇంజనీరు: రుడాల్ఫ్ డీజిల్

మన సరిహద్దు పల్లెలలో అనుదినం పదిసార్లైనా వినిపించే ఒక మాట నిజానికి ఒక మనిషి ఇంటిపేరు. బంకు వద్ద క్యాను పట్టుకొని నిలబడిన రైతు, ట్రాక్టరు డ్రైవరు, పిండిమర యజమాని, పడవకు మోటారు బిగించుకున్న జాలరి, వీరందరూ ఆ పేరు పలుకుతూనే ఉంటారు. అయితే ఆ పేరు గలవాడు ఒకడు పుట్టి, చదివి, గెలిచి, ఓడి, సముద్రంలో కలిసిపోయాడన్న సంగతి తెలిసినవారు తక్కువ. ఆయనే రుడాల్ఫ్ డీజిల్.

రుడాల్ఫ్ 1858 మార్చి 18వ తేదీన పారిస్ నగరంలో జన్మించారు. తల్లిదండ్రులు థియోడోర్, ఎలీజ్ దంపతులు జర్మనీ ప్రాంతం నుండి బతుకుతెరువు వెతుక్కుంటూ అక్కడికి వచ్చినవారు. తండ్రి పుస్తకాలకు అట్టలు కట్టే పని నేర్చి, తరువాత తోలు వస్తువులు తయారుచేసి అమ్మేవారు. ఇంట మాట్లాడేది జర్మన్, వీధిలో వినిపించేది ఫ్రెంచి. ఇంటి భాష ఒకటి, బడి భాష వేరొకటి కావడం ఎటువంటిదో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

1870లో ఫ్రాన్సుకూ జర్మన్ రాజ్యాలకూ యుద్ధం వచ్చింది. పారిస్‌లో ఉన్న జర్మన్ కుటుంబాలకు ఊరు విడవక తప్పలేదు. డీజిల్ కుటుంబం లండన్ చేరింది. అక్కడ పూట గడవడమే కష్టమైనప్పుడు, పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ను ఆగ్స్‌బర్గ్ పట్టణంలోని బంధువుల ఇంటికి ఒంటరిగా పంపించారు. ఆ ఇంటి పెద్ద క్రిస్టోఫ్ బార్నికెల్ గణిత ఉపాధ్యాయుడు. బాలుడి భవిష్యత్తుకు పునాది అక్కడే పడింది. చదువు మానిపించి ఏదైనా పనిలో చేర్చాలని తల్లిదండ్రులు తలచినా, రుడాల్ఫ్ ఉపకారవేతనం సంపాదించుకొని 1875లో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరారు.

అక్కడి ఆచార్యులలో కార్ల్ ఫాన్ లిండే ఒకరు. శీతల యంత్రాల నిర్మాణంలో అగ్రగణ్యుడు. ఆవిరి యంత్రంలో కాల్చిన బొగ్గు వేడిలో పదింట ఒక వంతు కూడా పనిగా మారడం లేదని ఆయన పాఠం చెప్పినప్పుడు, ఆ మాట విద్యార్థి రుడాల్ఫ్ మనసులో ముల్లులా నాటుకున్నది. మిగిలిన తొమ్మిది వంతులూ పొగగొట్టం పాలు కావలసిందేనా? ఆ ప్రశ్నే ఆయన జీవితమయింది. 1879లో టైఫాయిడ్ జ్వరం వచ్చి పరీక్ష తప్పిపోయినా, 1880 జనవరిలో అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. లిండే వారి మంచు యంత్రాల సంస్థలో ఉద్యోగిగా మళ్లీ పారిస్ చేరారు. 1883లో మార్తా ఫ్లాషే అనే యువతిని వివాహమాడారు. ముగ్గురు పిల్లలు కలిగారు.

పగలు మంచు యంత్రాలు, రాత్రి తన సొంత యంత్రపు లెక్కలు. ఇలా పదేళ్లు గడిచాయి. 1890లో కుటుంబంతో బెర్లిన్‌కు మారిన తరువాత ఆ లెక్కలు ఒక రూపానికి వచ్చాయి. 1892లో పేటెంటుకు దరఖాస్తు చేయగా, మరుసటి సంవత్సరం అది మంజూరయింది.

ఆయన ఆలోచనలోని కీలకం అందరికీ అనుభవమైనదే. సైకిలు చక్రానికి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కుతుంది. నొక్కుకొని పోయిన గాలి వేడెక్కడం ప్రకృతి ధర్మం. సిలిండరులో వట్టి గాలిని మాత్రమే నింపి, దానిని విపరీతంగా నొక్కితే, చమురు తగిలిన మరుక్షణం మండేటంత వేడి పుడుతుంది. నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటుతో పనే లేదు. ఎంత ఎక్కువగా నొక్కగలిగితే అంత తక్కువ చమురుతో అంత ఎక్కువ పని జరుగుతుంది. ఇది ఆయన సిద్ధాంతం.

ఈ యంత్రం ఎవరి కోసమన్న విషయంలో కూడా డీజిల్‌కు స్పష్టమైన అభిప్రాయం ఉండేది. ఆవిరి యంత్రం పెద్ద పెట్టుబడిదారుకే అందుతుంది. దాని ధాటికి నేతగాడు, వడ్రంగి, చిన్న కార్ఖానాదారు నిలవలేకపోతున్నారు. వారి ఇంటి ముంగిట పెట్టుకోదగిన చిన్న యంత్రం ఇవ్వగలిగితే వారు మళ్లీ తమ కాళ్లపై నిలబడగలరని ఆయన నమ్మారు. ఈ ఆశను గుర్తుంచుకోవాలి. ఆయన జీవితంలోని అసలు విషాదం ఇక్కడే ఉన్నదని మా అభిప్రాయం.

ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారం అధిపతి హైన్‌రిష్ బుజ్ ప్రయోగాలకు చోటిచ్చారు. క్రుప్ సంస్థ కూడా ధనసహాయం చేసింది. దాదాపు మూడు మీటర్ల ఎత్తుగల మొదటి యంత్రంపై 1893 ఆగస్టు 10వ తేదీన చమురు వదలగా, లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి, ఒత్తిడిని కొలిచే పరికరం పేలిపోయింది. దాని ముక్కలు చుట్టూ ఎగిరిపడ్డాయి. మరొకరైతే భయపడి వదిలేసేవారు. డీజిల్ మాత్రం నొక్కిన గాలి చమురును వెలిగించగలదన్న సంగతి ఋజువయిందని సంతోషించారు. 1894 ఫిబ్రవరి 17న యంత్రం తనంతట తాను ఒక్క నిమిషం పాటు తిరిగింది.

ఇక్కడే అసలు చిక్కు ఎదురయింది. సిలిండరులో అప్పటికే గాలి బలంగా నొక్కుకొని ఉన్నది. దానిని ఎదిరించి లోపలికి చమురు పంపాలి. అదీ కొన్ని చుక్కలు మాత్రమే, సరిగ్గా కావలసిన క్షణంలో, పొగమంచు వంటి తుంపరగా. అంతటి ఒత్తిడిలో చమురు కారకుండా, కొలత తప్పకుండా పనిచేసే చిన్న పంపును మలచగల పనితనం ఆనాటి కర్మాగారాలలో లేదు. చమురును నేరుగా నెట్టే ప్రయత్నాలు ఫలించకపోవడంతో డీజిల్ వేరొక మార్గం పట్టారు. వేరుగా ఒక కంప్రెసరు పెట్టి, సిలిండరులో ఉన్నదానికంటే అధికమైన ఒత్తిడి గల గాలిని తయారుచేసి, ఆ గాలి ఊపుతోనే చమురును లోపలికి ఊదించారు. ఉపాయం అద్భుతంగా పనిచేసింది. 1897 ఫిబ్రవరిలో ఆచార్య మోరిట్స్ ష్రోటర్ పరీక్షించినప్పుడు, సుమారు 20 అశ్వశక్తి గల ఆ యంత్రం చమురులోని వేడిలో 26.2 శాతాన్ని పనిగా మార్చిందని తేలింది. ఆనాటి ప్రపంచంలో అటువంటి యంత్రం మరొకటి లేదు.

కానీ గాలిని ఊదే ఆ కంప్రెసరు బరువైనది, ఖరీదైనది. ఇంజను తీసే శక్తిలో కొంత భాగాన్ని తానే తినేసేది. అందువల్ల డీజిల్ యంత్రం విద్యుత్ కేంద్రాలకు, పెద్ద కర్మాగారాలకు, ఓడలకు మాత్రమే పనికివచ్చింది. 1912లో సముద్రయానం ఆరంభించిన డెన్మార్కు ఓడ సెలాండియా ఆయన కీర్తిని ఖండాంతరాలకు చేర్చింది. చిన్నవాడి ముంగిటికి మాత్రం యంత్రం చేరలేదు. 1908 ప్రాంతంలో లారీకి అమరే చిన్న ఇంజనుకై ఆయన చేసిన ప్రయత్నం కూడా నిలబడలేదు. చమురు గొట్టంలో గాలి ఉన్నంతకాలం ఆ ఇంజను చిన్నది కాలేకపోయింది.

1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. మన ప్రాంతాలలో కొందరు బుడ్డలనీ, కొందరు శనక్కాయలనీ, మరికొందరు పల్లీలనీ పిలిచే పంట నూనే అది. ఆ ప్రయోగం డీజిల్ స్వయంగా చేసినది కాదు. తన వలస దేశాలలో విరివిగా పండే నూనెగింజలతో యంత్రాలు నడపవచ్చునేమోనన్న ఫ్రెంచి ప్రభుత్వపు ఆసక్తి మేరకు ఒక కంపెనీ ఏర్పాటు చేసింది. అయితే డీజిల్ దానిని ఎంతో మెచ్చుకొని, మొక్కల నూనెలు ఒకనాటికి ముఖ్యమైన ఇంధనాలు కాగలవని 1912లో తన ప్రసంగాలలో ప్రస్తావించారు. జీవ ఇంధనమంటూ ఇప్పుడు జరుగుతున్న చర్చలకు అది వందేళ్ల నాటి మొలక.

సంపద ఆయనకు వచ్చినంత వేగంగానే పోయింది. 1898లో తన హక్కులను ఒక సంస్థకు 35 లక్షల మార్కులకు ఇచ్చారు గానీ, అందులో అధికభాగం వాటాల రూపంలోనే ముట్టింది. మ్యూనిక్‌లో భవంతి కట్టారు. భూముల వ్యాపారంలోనూ, చమురు బావులలోనూ పెట్టిన డబ్బు మునిగిపోయింది. పేటెంటుపై వ్యాజ్యాలు నడిచాయి. నడుస్తున్న యంత్రం పేటెంటులో వ్రాసిన సిద్ధాంతాన్ని అనుసరించడం లేదని పండితులు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలో కొంత నిజం లేకపోలేదు. సిద్ధాంతం కాగితంపై కోరినదంతా ఇనుము ఒప్పుకోలేదు. తలనొప్పులతో, మానసికమైన అలసటతో ఆయన కొంతకాలం వైద్యశాలలో గడపవలసి వచ్చింది. శ్రామికుల సహకార సంఘాల గురించి 1903లో వ్రాసిన పుస్తకాన్ని కొనేవారే లేకపోయారు. చిన్నవాడి మేలు గురించిన ఆయన తపన యంత్రంలోనూ నెరవేరలేదు, గ్రంథంలోనూ నెరవేరలేదు.

1913 సెప్టెంబరు 29వ తేదీ సాయంత్రం డీజిల్ ఆంట్‌వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కారు. ఇంగ్లండులో తన ఇంజనుల వ్యవహారమై వెళ్తున్నారు. రాత్రి భోజనం చేసి, తెల్లవారుజామున లేపమని చెప్పి గదికి వెళ్లారు. తెల్లవారేసరికి గదిలో లేరు. పడక నలగలేదు. కొన్ని రోజుల తరువాత ఒక డచ్చి పడవవారికి సముద్రంలో ఒక దేహం కనిపించింది. జేబులలోని వస్తువులను తీసుకొని, దేహాన్ని ఆనాటి రివాజు ప్రకారం తిరిగి సముద్రానికే వదిలివేశారు. ఆ వస్తువులు తండ్రివేనని కుమారుడు ఆయిగెన్ గుర్తించారు. ఆత్మహత్యా, ప్రమాదమా, హత్యా అన్న వాదాలు ఇప్పటికీ సాగుతున్నాయి. దివాలా స్థితిని బట్టి చూస్తే మొదటిదే సంభావ్యమని చాలామంది చరిత్రకారుల భావన. మరణించేనాటికి ఆయన వయస్సు 55 ఏళ్లు.

ఆయనకు సాధ్యం కాని పంపును మరొక జర్మన్ సాధించారు. స్టుట్‌గార్ట్‌కు చెందిన రాబర్ట్ బాష్ 1922లో ఆ పని చేపట్టగా, 1927లో బాష్ కర్మాగారం నుండి ఇంధన పంపులు వరుసగా వెలువడసాగాయి. వెంట్రుకవాసి సందు కూడా కనబడకుండా ఒకదానిలో ఒకటి ఇమిడే ప్లంజరు, బ్యారెలు దాని ప్రాణం. గాలి ఊదే కంప్రెసరు అవసరం తీరిపోయింది. చమురే చమురును నెట్టసాగింది. దానితో ఇంజను తేలికైంది, లారీ ఎక్కింది, ట్రాక్టరు ఎక్కింది, బావిగట్టుకు చేరింది. ఇంగ్లండులో లిస్టర్ వారి ఇంజను, మన దేశంలో 1946లో పుణెలో ఏర్పడిన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ వారి ఇంజనులు, రాజ్‌కోట్ కార్ఖానాలలో తయారైనవి, అన్నీ ఆ మార్పుకు సంతానమే.

అయితే ఈ కొత్త ఏర్పాటులో ఒకప్పుడు నేస్తమైన గాలి బద్ధశత్రువైంది. ట్యాంకు అడుగంటిన ఇంజను, మళ్లీ నిండా డీజిల్ పోసినా, ఎంత హ్యాండిల్ తిప్పినా కదలదు. గాలి పట్టిందంటారు మన మెకానిక్కులు. కారణం సులభం. చమురు నొక్కినా ముడుచుకోదు, గాలి ముడుచుకుంటుంది. ప్లంజరు కదిలేది కొద్ది మిల్లీమీటర్లే. ఎదురుగా చమురు ఉంటే ఆ కదలిక వెంటనే నాజిల్‌ను తెరిచే ఒత్తిడిగా మారుతుంది. బుడగ ఉంటే అది స్పంజిలా నొక్కుకొని, మళ్లీ ఉబ్బుతుందే తప్ప నాజిల్ తెరుచుకోదు. ఈ గాలి చేరడానికి అనువైన స్థలం ఫిల్టరు. ఆ వెడల్పు గిన్నెలో చమురు నిదానిస్తుంది గనుక బుడగలు పైకి తేలి మూత కింద చేరుతాయి. ఫిల్టరు మార్చినప్పుడు గిన్నె ఖాళీగా ఉంటుంది గనుక గాలి మరింత నిండుతుంది.

అందుకే ఫిల్టరు తలపై ఒక చిన్న స్క్రూ ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు దానిని పానాతో ఒకటి రెండు చుట్లు వదులు చేసి, ట్యాంకు పైన ఉంటే కుళాయి తెరిచి, లేకుంటే చేతి పంపు కొడితే మొదట నురుగు, తరువాత బుడగలు, ఆపైన బుడగలేని ధార వస్తుంది. ధార పడుతుండగానే స్క్రూ బిగించాలి. ధార ఆగాక బిగిస్తే బయటి గాలి తిరిగి చొరబడుతుంది. తరువాత ఇంధన పంపుపై స్క్రూ, చివరగా నాజిల్ గొట్టం నట్టు, ఇలా ట్యాంకు నుండి నాజిల్ వైపుకే సాగాలి. నాజిల్ నుండి చిమ్మే తుంపరకు ఎదురుగా చేయి పెట్టడం మాత్రం ఎంతమాత్రం తగదు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకొని ఒంట్లోకి పోతుంది. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే వైద్యుని వద్దకు పరుగెత్తవలసిందే. పదేపదే గాలి పడుతున్నదంటే రాగి వాషరో, రబ్బరు గొట్టమో చెడినదని గ్రహించాలి. పంపు పీల్చే వైపున చిల్లి ఉంటే డీజిల్ కారదు, గాలి మాత్రమే లోపలికి పోతుంది. కనుక తడి కనిపించలేదని దానిని నమ్మరాదు.

చిన్నవాని కోసం చిన్న డీజిల్ ఇంజను అన్న ఆశను జపాన్‌లో మగోకిచి యమఓకా అనే వ్యక్తి నెరవేర్చారు. యాన్మార్ సంస్థను స్థాపించిన ఆయన 1933లో రైతుల పనులకు సరిపడే చిన్న ఇంజనును తయారుచేశారు. తనకు ఆ దారి చూపిన మనిషికి సమాధి కూడా లేదని తలచి, 1957లో ఆగ్స్‌బర్గ్ పట్టణానికి ఒక స్మారక ఉద్యానవనాన్ని కానుకగా ఇచ్చారు. జపాన్ నుండి తెప్పించిన రాళ్లు ఆ తోటలో నిలిచి ఉన్నాయి. డీజిల్ బాలుడిగా ఒంటరిగా వచ్చి చేరినదీ, ఆయన మొదటి యంత్రం తిరిగినదీ ఆ ఊరిలోనే.